రక్తం తక్కువైందంటే బీట్‌రూట్ ఒక్కటే గుర్తొస్తుందా

"ఒక కణం వదిలిన ప్రోటీన్ ఎక్కడో దూరంగా ఉన్న కణానికి కబురు ఎలా చేరుస్తుంది, దారిలో తప్పిపోదా?" అని ఒకరు అడిగారు. మాది పర్లాకిమిడి, నాన్న డయాలసిస్ మీదున్నారు, ఈ సంగతి మా ఇంట్లో రోజూ నడిచేదే.

నాన్న హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందని తెలియగానే చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం పట్టుకొచ్చేవాళ్ళు. కిడ్నీ పేషెంట్‌కి పొటాషియం పెరిగితే గుండెకే ముప్పని ఎంత చెప్పినా వినరు, పైగా తినలేదని కోపం. అసలు లోటు తిండిలో కాదండీ. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే కనిపెట్టి ఎరిత్రోపోయిటిన్ అనే ప్రోటీన్‌ని రక్తంలోకి వదిలేది కిడ్నీయే, అది పాడైతే కబురే పుట్టదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఆ ప్రోటీన్ ఇంజెక్షన్ సిస్టర్ పొట్ట దగ్గర చర్మం పట్టుకుని వేస్తుంటే నాన్న "ఇది రక్తమేట్రా, నీళ్ళలాగుంది?" అన్నారు. రక్తం కాదు నాన్నా, రక్తం తయారుచెయ్యమని చెప్పే మాట అన్నాను. ఆ ప్రోటీన్ రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుంది, తప్పిపోవడమనేది లేదు, కానీ దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఉన్న కణమే వింటుంది. ఎముక మజ్జలో ఎర్రకణాలుగా ఎదగాల్సిన పిల్లకణాల మీద ఆ రిసెప్టర్లు ఉంటాయి, ప్రోటీన్ బయటినుంచి అతుక్కోగానే లోపల జాక్2 అనే ఎంజైమ్ లేస్తుంది, కబురు కేంద్రకం దాకా పోతుంది, చచ్చిపోవాల్సిన కణం బతికి ఎర్రకణమవుతుంది. ఈ ప్రోటీన్ ఒంట్లో ఎంత కొంచెం ఉంటుందంటే 1977లో గోల్డ్‌వాసర్ అనే శాస్త్రవేత్త బృందం 2,550 లీటర్ల మూత్రం వడగడితే కొన్ని మిల్లీగ్రాములే దొరికింది.

అలాంటి మందుని బరంపురంలో ఒక మెడికల్ షాపువాడు నడి మే నెలలో ఉత్త క్యారీబ్యాగ్‌లో పడేసి ఇచ్చాడు! 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వేడికి ప్రోటీన్ ఆకారం చెడితే రిసెప్టర్‌కి అతుక్కోదు, డబ్బు పోయినా పోయింది, మనిషి సంగతేంటి? ఐస్ ప్యాక్ ఇచ్చేదాకా నేను కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు.

ఇంకోటి, కబురు అందినా ఐరన్ లేకపోతే హిమోగ్లోబిన్ తయారవదు, అందుకే డాక్టరు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చేయించి నాన్నకి ఐరన్ కూడా ఎక్కించారు. వెంటనే పెరగలేదని అమ్మ కంగారుపడింది గానీ మజ్జలో కణం ఎదిగి బయటికి రావాలి కదా, కొన్ని వారాలు పట్టింది.