సీటీ రిపోర్టులో రాసిన ఫాలో-అప్ మరుగున పడకుండా సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదు?

మీ నాన్నగారికి యాక్సిడెంట్ అయినప్పుడు తీసిన సీటీలో 7 మి.మీ. లంగ్ నాడ్యూల్ (ఊపిరితిత్తిలో చిన్న గడ్డలాంటి మచ్చ) ఉందని రాసినా, డిశ్చార్జిలో ఎవరూ చెప్పలేదన్నారు. ఇలాంటివి జారిపోకుండా కంప్యూటర్లు ఏమీ చేయలేవా అని అడిగారు. చేయగలవండీ. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి రేడియాలజీ ఐటీలో నేను చూసేది అలాంటి ట్రాకర్‌నే.

ఎమర్జెన్సీలో డాక్టర్లు పక్కటెముక విరిగిందా, లోపల రక్తస్రావం ఉందా అని చూస్తారు. నాడ్యూల్ మాట రిపోర్టు చివర ఉండిపోతుంది, డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కదు. మొదట్లో రిపోర్టుల్లో 'ఫాలో-అప్' అనే మాటను సాఫ్ట్‌వేర్‌తో వెతికిస్తే 'ఫాలో-అప్ అవసరం లేదు' అన్నవి కూడా వచ్చిపడేవి. ఇప్పుడు రేడియాలజిస్టు రిపోర్టు ఖరారు చేసేటప్పుడే ఏ పరీక్ష, ఎన్ని నెలల్లో అన్నది ఎంచుకుంటారు. గడువులోగా కొత్త స్కాన్ ప్యాక్స్‌లోకి (ఆసుపత్రిలో స్కాన్ బొమ్మలు దాచే కంప్యూటర్ వ్యవస్థ) రాకపోతే ఆ పేరు కోఆర్డినేటర్ నర్సు లిస్టులోకి వెళ్తుంది. కారణం రాయకుండా దాన్ని ఎవరూ మూసేయలేరు. అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు ఇదే. డాక్టరుకి అలర్ట్ పంపి ఊరుకుంటే, డ్యూటీ మారగానే దాన్ని పట్టించుకునేవాళ్లుండరు.

పెద్ద చిక్కు ఫోన్ నంబరు దగ్గరే. యాక్సిడెంట్ కేసుల్లో రిజిస్ట్రేషన్‌లో ఉండేది తీసుకొచ్చినవాళ్ల నంబరు. అందుకే డిశ్చార్జి రోజు ఇంట్లోవాళ్ల నంబరు మళ్లీ అడిగి రాసుకుంటారు. ఎస్సెమ్మెస్ చాలామంది చదవరు, నర్సు ఫోన్ చేసి తెలుగులో చెబితేనే వస్తారు. కొందరు ఖమ్మంలోనో నల్గొండలోనో స్కాన్ తీయించుకుంటారు, అది మాకు కనిపించదు. 14 అంకెల ఆభా నంబరుకి (ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ) రెండుచోట్లా రికార్డులు లింకయితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. ఫ్లైష్నర్ సొసైటీ (ఛాతీ స్కాన్ల నిపుణుల అంతర్జాతీయ సంఘం) 2017 మార్గదర్శకాల ప్రకారం 6 నుంచి 8 మి.మీ. ఉన్న ఒకే ఒక గట్టి (సాలిడ్) నాడ్యూల్‌కి మామూలుగా 6–12 నెలల్లో మళ్లీ సీటీ తీస్తారు. ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నవాళ్లకీ, ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లకీ ఈ లెక్క వర్తించదు. పొగతాగే అలవాటుంటే తప్పక చెప్పండి. టెన్షన్ పడకండి, ఇంత చిన్నవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఈ వారంలోనే పల్మనాలజిస్టుని (ఊపిరితిత్తుల డాక్టరుని) కలవండి. ఫిల్మ్ ఒక్కటే చాలదు, ఆసుపత్రి నుంచి పాత స్కాన్ సీడీ, రిపోర్టు కూడా అడిగి తీసుకెళ్లండి. సైజు పెరిగిందో లేదో పాత బొమ్మలతో పక్కపక్కన పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.