మొదటి షాట్‌గన్ కొంటున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. నల్లటి పంప్ షాట్‌గన్, దానికి రెడ్ డాట్ (గురికి ఎర్రచుక్క చూపే అద్దం), లైటు, పిస్టల్ గ్రిప్ (పిస్టల్‌కి ఉండేలాంటి పిడి), పక్కన ఆరు తూటాల పట్టీ, భుజానికి బెల్టు. "సెటప్ ఇలా అనుకుంటున్నా మామా, ఎలా ఉంది?" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం గాల్లో పోతుంది, అందుకే రాస్తున్నా. అమ్మాయి కూడా చదవాలి. ఇందులో సగం తన గురించే.

టెక్సాస్‌కి వచ్చి, ఊరి చివర ఎకరం స్థలంలో ఇల్లు కొన్నావు. ఫోన్ చేస్తే పోలీసు కారు రావడానికి పావుగంట పట్టొచ్చని నువ్వే అన్నావు. కాబట్టి తుపాకీ ఎందుకని నేను అడగను. మా నాన్న దగ్గర లైసెన్సున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. అనంతపురం వైపు వేరుశనగ చేలమీద అడవి పందులు పడేవి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్లో అప్పగించి, అవి అయ్యాక మళ్ళీ తెచ్చుకునేవాడు. ఒకసారి నేను ఉత్త కర్రను తుపాకీలా పట్టుకుని తమ్ముడి వైపు గురిపెట్టానని నన్ను రోజంతా గడప బయటే నిలబెట్టాడు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు నీకు చెప్పాల్సిన మొదటి మాట అదే. నిండినదైనా ఖాళీదైనా, కాల్చకూడని మనిషి వైపు గొట్టం తిరగకూడదు. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ముందు కాగితాల సంగతి. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి కొనొచ్చు. షాపులో ఫారం 4473 నింపమంటారు, గ్రీన్ కార్డు మీదుండే నీ ఏ-నంబర్ రాయాలి, ఇప్పుడుంటున్న అడ్రసుతో డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళ నిక్స్ చెక్, అంటే నీకు తుపాకీ అమ్మొచ్చా లేదా అని రికార్డులు చూడటం, జరుగుతుంది. చాలామందికి నిమిషాల్లో అయిపోతుంది. "డిలే" అన్నారంటే టెన్షన్ పడకు, మూడు పనిదినాలు ఆగాల్సి రావచ్చు, అంతే. న్యూజెర్సీలో ఉన్నప్పుడు షాట్‌గన్‌కి కూడా పర్చేజర్ ఐడీ కార్డు కావాలన్నారు కదా, ఇక్కడ అది అక్కర్లేదు. కానీ ఫెడరల్ చట్టం ఎక్కడైనా ఒకటే.

ఆ చట్టంలో మనవాళ్ళు తెలియక కాలు వేసే గుంట ఒకటుంది. హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు, చూసిపోవడానికి బి2 మీద వచ్చినవాళ్ళు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఇక్కడి వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది గానీ, ఆ లైసెన్సు లేకుండా సరదాకైనా వద్దు. వచ్చే వేసవిలో మీ నాన్న వస్తారు, ఆయన చేతికిచ్చి ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెడదామని నీకు అనిపిస్తుంది. పెట్టొద్దు. ఫ్రెండు ఎవరైనా "నాకోసం నీ పేరు మీద ఒకటి కొనిపెట్టు" అంటే మొహమాటపడకుండా కాదను. అసలు కొనేది నువ్వేనా అని ఆ ఫారంలోనే అడుగుతారు, అబద్ధం రాయడం నేరం. తుపాకీ కేసులో శిక్షపడితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ని కూడా దేశం నుంచి పంపించే వీలు చట్టంలో ఉంది. పదేళ్ళు లైన్లో నిలబడి తెచ్చుకున్న కార్డు, అల్లుడూ. దాన్ని ఇలాంటి పొరపాటుకి పోగొట్టుకోకు.

ఇప్పుడు ఏది కొనాలనేది. పంప్ అంటే గొట్టం కింద ఉన్న ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే పాత తూటా బయటికి పడి కొత్తది లోపలికి ఎక్కే పద్ధతి. రెమింగ్టన్ 870 మంచిదే, దాని లోహపు ఒళ్ళు స్టీలు. మాస్‌బర్గ్ 500, 590 ఒళ్ళు అల్యూమినియం, కాస్త తేలిక. నీ విషయంలో నేను మాస్‌బర్గ్ వైపే మొగ్గుతా, ఎందుకంటే నీది ఎడమచేతి వాటం. 870కి సేఫ్టీ (ట్రిగ్గర్ని కదలనివ్వని అడ్డు) ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బొత్తాం, అది కుడిచేతి వాటం వాళ్ళకి అనువుగా చేసింది. మాస్‌బర్గ్‌కి సేఫ్టీ పైన, బొటనవేలి కింద ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. డబ్బు తక్కువైతే అదే కంపెనీ మావెరిక్ 88 ఉంది, కానీ దాని సేఫ్టీ మళ్ళీ అడ్డం బొత్తామే.

ఇక్కడే నీ ఫోటోలోని పిస్టల్ గ్రిప్‌తో పేచీ. సేఫ్టీ పైన ఉన్న తుపాకీకి పిస్టల్ గ్రిప్ తగిలిస్తే, బొటనవేలు సేఫ్టీని అందుకోవాలంటే పట్టు వదలాలి. మామూలు పద్ధతి స్టాకే (భుజానికి ఆనించే వెనక భాగం) పెట్టుకో. షాపులో 14 అంగుళాల గొట్టంతో, స్టాకే లేకుండా చిన్న పిడితో ఒకటి చూపిస్తారు, షాక్‌వేవ్ అని. చూడ్డానికి చాలా బాగుంటుంది. భుజానికి ఆనించడానికి ఏమీ ఉండదు కాబట్టి కొత్తవాడికి గురి కుదరదు. తర్వాత ఎప్పుడైనా దానికి స్టాక్ బిగించావంటే, ముందుగా రిజిస్టర్ చేయించని పొట్టి షాట్‌గన్ నీ చేతిలో ఉన్నట్టు లెక్క. అది ఫెడరల్ నేరం. షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకి, మొత్తం పొడవు 26 అంగుళాలకి తగ్గకూడదు. షాపులో దొరికే 18.5 అంగుళాలది తీసుకుని, దాని జోలికి పోకు.

ఇక సెటప్. నేనిన్నేళ్ళలో నేర్చుకున్నది ఒక్కటే, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. తుపాకీని ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్న మనిషికి కొలిచి కుట్టించాలి.

కంపెనీ స్టాక్ వెనక అంచు నుంచి ట్రిగ్గర్ దాకా దాదాపు 13.9 అంగుళాలు ఉంటుంది. మనూళ్ళో తుపాకీ మడమ అంటామే, ఆ మడమ నుంచి కొలత. ఆరడుగుల మనిషికి సరిపోతుంది. మీ అత్తయ్య ఐదడుగుల ఒక అంగుళం. మొదటిసారి నా తుపాకీ ఆమెకిచ్చినప్పుడు మడమ భుజం గుంటలోకి రాక, చెయ్యి చాచి, నడుం వెనక్కి వంచి కాల్చింది. ఆ దెబ్బకి భుజం వారం రోజులు నల్లబడింది. తర్వాత రెండేళ్ళు ఆ తుపాకీ వైపే చూడలేదు. తప్పు నాది. ఆమెకి సరిపడని దాన్ని చేతికిచ్చి, ధైర్యం చాలలేదని ఆమెనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. మధ్యలో పలకలు పెట్టి పొడవు పెంచి తగ్గించే స్టాక్ తెచ్చి, 12.5 అంగుళాలకి తగ్గించాక అదే తుపాకీతో అదే మనిషి ఇరవై ఐదు తూటాలు నవ్వుతూ కాల్చింది. పొట్టి స్టాక్‌తో పొడుగు మనిషి సర్దుకోగలడు, పొడుగు స్టాక్‌తో పొట్టి మనిషి సర్దుకోలేడు. కాబట్టి నీ మొదటి ఖర్చు స్టాక్ మీద పెట్టు. అమ్మాయికి 12 గేజ్ అప్పటికీ బరువనిపిస్తే 20 గేజ్ తీసుకోండి, చిన్నతనమేమీ కాదు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, తగ్గుతుంది. ఆ బోరుకి సరిపడే సీసపు గుండ్లు ఎన్నయితే ఒక పౌను తూగుతాయో అదే ఆ నంబరు.

రెండో ఖర్చు లైటు. ముందు పిడిలోనే కలిసి వచ్చేది తీసుకో, రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి టార్చి విడిగా పట్టుకోలేవు. అర్ధరాత్రి వంటింట్లో అలికిడి అయితే అది దొంగ కంటే మీ నాన్న అయ్యే అవకాశమే ఎక్కువ. జెట్‌లాగ్‌తో నాలుగింటికే లేచి కాఫీ పొడి వెతుక్కుంటుంటారు. ఎదుట ఉన్నది ఎవరో కళ్ళతో చూసి పోల్చుకోకుండా ఏమీ చేయకూడదు. అయితే చూడ్డానికని గొట్టాన్ని మనిషి వైపు తిప్పకు. నేల వైపు పట్టి వెలిగిస్తే ఆ వెలుగు గదంతా పరుచుకుంటుంది, ముఖం కనబడుతుంది. చీకట్లో ఇది సాధన చెయ్యి, ఖాళీ తుపాకీతో.

మిగతావి త్వరత్వరగా చెబుతా. రెడ్ డాట్ ఇప్పుడే వద్దు, గురి చూడ్డానికి గొట్టం చివరనున్న పూస చాలు. బెల్టు రేంజికి పనికొస్తుంది, ఇంట్లో తలుపు గొళ్ళేలకి తగులుకుంటుంది, తీసి పెట్టు. పక్క పట్టీ సరే, కానీ ఆరు తూటాలంటే అర పౌను పైనే బరువు. నేనొకసారి అలాంటి లోహపు పట్టీ మరలు బాగా బిగించేశాను, తర్వాత రేంజిలో ముందు పిడి సగంలోనే ఇరుక్కుపోయింది. మర వదులు చేస్తే మళ్ళీ ఆడింది. ఏది బిగించినా వెంటనే పదిసార్లు పంపు కొట్టి చూడు.

తూటాలు మూడు రకాలు. పిట్టలకి వాడే సన్న గుళ్ళవి సాధనకి చవక, అవే ఎక్కువ కొను. స్లగ్ అంటే ఒకే పెద్ద గుండు, అది ఇంట్లోకి వద్దే వద్దు. మూడోది డబుల్ ఆట్ బక్‌షాట్, డబ్బా మీద 00 అని ఉంటుంది. అందులో మామూలుగా ఎనిమిది, తొమ్మిది గుండ్లుంటాయి, ఒక్కొక్కటీ 0.33 అంగుళం. ఇంటి రక్షణకి వాడేది అదే. తక్కువ తన్నే రకం దొరుకుతుంది, అది తీసుకో. ఇక్కడి గోడలు మన ఊరి రాతి గోడలు కావు, షీట్‌రాక్ అనే పల్చటి జిప్సం పలకలు. ఈ గుండ్లు ఒక గోడ దాటి, రెండో గోడ కూడా దాటిపోతాయి. అందుకే నీ పడకగది గుమ్మం నుంచి హాలు చివరిదాకా ఎన్ని గజాలో టేపు పెట్టి కొలువు. ఆ గోడ వెనక ఎవరి గది ఉందో చూడు. బుజ్జిగాడి మంచం ఆ వైపుంటే ఇప్పుడే మరో గోడకి మార్చు. తర్వాత రేంజికి వెళ్ళి సరిగ్గా అంత దూరంలో అట్ట పెట్టి కాల్చు. మామూలు బక్‌షాట్ గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటుందని ఒక చేతి లెక్క. ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ లాంటివి ఇంటి దూరాల్లో అరచెయ్యంత జాగాలోనే పడతాయి. అట్టకి తగలని ప్రతి గుండూ మీ ఇంట్లో ఎక్కడో తగిలేదే అనుకో. ఏ రకం అన్ని గుండ్లనూ అట్టలోనే వేస్తుందో అదే నీ తూటా, మళ్ళీ మార్చకు.

సాధనలో అందరూ చేసే తప్పు ముందు పిడిని పూర్తిగా వెనక్కి లాగకపోవడం. భయంతో సగం లాగి ముందుకు తోస్తారు, తూటా ఎక్కదు. చివరిదాకా గట్టిగా లాగి అంతే గట్టిగా తొయ్యాలి. డమ్మీ తూటాలు కొని ఇంట్లో చేసుకోవచ్చు, అసలు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపేశాకే. ఒళ్ళు కాస్త ముందుకు వంచి, మడమని భుజం గుంటలోకి గుంజి పట్టి, ముందు చెయ్యిని ముందుకు నెట్టినట్టు ఉంచితే దెబ్బ బాగా తగ్గుతుంది. రేంజిలో చెవుల్లోపల స్పాంజి బిరడాలు, పైన చెవులు మూసే మఫ్స్, రెండూ ఉండాలి. ఈ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. కళ్ళద్దాలు సరేసరి.

ఇంట్లో పెట్టే తీరు. గోడకి బోల్టు వేసిన, వెంటనే తెరుచుకునే సేఫ్‌లో, గొట్టం కిందుండే ట్యూబులో తూటాలు, కాల్చబోయే తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ. పంప్ షాట్‌గన్‌లో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్ని మాత్రమే, కింద పడితే పేలదన్న హామీ లేదు, కాబట్టి ఛాంబర్‌లో తూటా ఎప్పుడూ వద్దు. సేఫ్ కోడ్ బుజ్జిగాడి పుట్టినరోజు పెట్టకు, వాడు రెండేళ్ళలో కనిపెట్టేస్తాడు. ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకీ వెనక్కీ మార్చినప్పుడల్లా సేఫ్ బ్యాటరీలు కూడా మార్చు, ట్యూబులో ఉన్న తూటాలు అప్పుడే తీసి కొత్తవి పెట్టు. టెక్సాస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లలకి నిండిన తుపాకీ అందేలా వదిలేస్తే నేరం. చట్టం లేకపోయినా ఆ మాట నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఇది అడగడానికి నాకు కష్టంగా ఉన్నా అడుగుతున్నా. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. నీకు గానీ, అమ్మాయికి గానీ, మీ ఇంట్లో ఉండే ఇంకెవరికైనా గానీ మనసు బాగాలేని రోజులొస్తే, ఉద్యోగం పోయినా, నిద్ర పట్టకపోయినా, సిగ్గుపడకుండా నాకు ఫోన్ చెయ్యి. ఒక్క ప్రశ్న కూడా వెయ్యను. వచ్చి తుపాకీ తీసుకెళ్ళి మా సేఫ్‌లో పెడతా, నువ్వు అడిగినప్పుడు తిరిగిస్తా.

నిజంగానే ఎవడైనా తలుపు బద్దలుకొట్టాడనుకో, ఇల్లంతా వెతుక్కుంటూ తిరగకు. ముగ్గురూ ఒకే గదిలోకి, తలుపు గడియ, 911కి ఫోన్. అమ్మాయి మాట్లాడుతుంటే నువ్వు తలుపు వైపు చూస్తూ ఉండు. పంపు చప్పుడికే దొంగ పారిపోతాడని చాలామంది అంటారు, దాన్ని నమ్ముకుని ఏ పనీ చెయ్యకు. వాడు సామాను పట్టుకుని పోతే పోనీ. పోలీసులు వచ్చేసరికి తుపాకీ నీ చేతిలో ఉండకూడదు.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ మా ఇంటికి రండి. అత్తయ్య ఉగ్గాణి, బజ్జీ చేస్తానంది, బుజ్జిగాణ్ని తన దగ్గర ఉంచుకుంటుంది. నా తుపాకీ స్టాక్ పలకలు మార్చి అమ్మాయికి ఏ కొలత కుదురుతుందో రేంజిలో చూద్దాం. అది తేలేదాకా షాపులో ఏదీ ఆర్డర్ పెట్టకు. వచ్చేటప్పుడు మీ హాలు పొడవు కొలిచి, కాగితం మీద రాసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య