మొన్న ఒక రకం, నిన్న ఇంకో రకం... అసలు నేనేంటి?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. లా చేయాలని ఎప్పటినుంచో కోరిక. మూడు నెలల కిందట ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ టెస్ట్ రాస్తే ఐఎన్‌ఎఫ్‌పీ అని వచ్చింది. మొన్న మళ్లీ రాస్తే ఐఎస్‌టీజే అట! రెండింట్లోనూ 'ఐ' ఉంది కాబట్టి నేను ఇంట్రావర్ట్‌నని ఇంట్లో తేల్చేశారు. 'నలుగురిలో నోరు విప్పని దానివి, కోర్టులో ఏం వాదిస్తావు?' అంటున్నారు నాన్న. కాలేజీ డిబేట్ పోటీకి పేరు ఇద్దామనుకున్నదాన్ని కాస్తా ఆగిపోయాను. ఈ టెస్టులను నమ్మాలా, వద్దా?

జవాబు: మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది నాన్నగారి మాట కాదు, డిబేట్‌కు పేరు ఇవ్వకుండా మీరు ఆగిపోవడం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు అక్షరాల గొడవ. మూడు నెలల్లో మీరేమీ మారిపోలేదు, ఆ టెస్ట్ లెక్క కట్టే తీరే అంత. ఈ నాలుగక్షరాల టెస్టులకు మూలం ఎంబీటీఐ, అంటే మైయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ కలిసి, స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన వ్యక్తిత్వ రకాల సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని దాన్ని తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కాదు. అదేం తప్పు కాదు గానీ, స్వభావంలో నాలుగు లక్షణాలు తీసుకుని, ప్రతిదాన్నీ సరిగ్గా నడిమికి కోసి ఇటువైపు ఒక అక్షరం, అటువైపు ఒక అక్షరం పెట్టేయడం దగ్గర వచ్చింది చిక్కు. ఎందుకంటే ఎక్కువమంది ఉండేది ఆ మధ్యలోనే. అయిదడుగుల అయిదంగుళాల దగ్గర గీత గీసి, పైవాళ్లంతా పొడుగు, కిందివాళ్లంతా పొట్టి అన్నామనుకోండి. గీతకు అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరికీ అరంగుళమే తేడా ఉన్నా వాళ్లు వేరువేరు రకాలైపోతారు. కొన్ని వారాల తర్వాత అదే టెస్ట్ మళ్లీ రాయిస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం మారడం పరిశోధకులు ఎప్పటినుంచో చూస్తున్నదే. మీకు ఏకంగా మూడు మారాయంటే, ఆ మూడింట్లోనూ మీరు గీత పక్కనే ఉండి ఉండాలి. లేదా రెండుసార్లూ వేరే వేరే సైట్లలో రాసి ఉండాలి, మీరు ఆ వివరం చెప్పలేదు. ఉద్యోగానికి మనుషులను ఎంచుకోవడానికి దీన్ని వాడొద్దని ఎంబీటీఐని అమ్మేవాళ్లే చెబుతారు. మరి ఇంట్లో కూర్చుని లా సీటు వద్దనుకోవడానికి ఎలా వాడతాం?

'కానీ సార్, చదివితే అచ్చం నా గురించే రాసినట్టుంది' అని మీరనొచ్చు. అందరూ అంటారు. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులకు టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వారికి అంటూ కాగితాలు పంచాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే కాగితాలన్నింట్లోనూ ఉన్నది ఒకటే రాత. అందులో వాక్యాలు కూడా చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవే.

అయితే టెస్టులన్నీ దండగేనా అంటే, కాదు. పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేది 'బిగ్ ఫైవ్' మీద. కొత్తదనం మీద ఆసక్తి, క్రమశిక్షణ, కలుపుగోలుతనం (మీ 'ఐ'కి ఎదురువైపు ఉండేది ఇదే), నలుగురితో కలిసి సర్దుకుపోవడం, ఆందోళన. ఈ అయిదింట్లో మీరు ఎక్కడున్నారో అంకెలో చెబుతుంది, పేరు తగిలించదు. ముర్రే బారిక్, మైఖేల్ మౌంట్ అనే పరిశోధకులు 1991లో అప్పటివరకూ వచ్చిన చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడినది క్రమశిక్షణ. కలుపుగోలుతనం ముఖ్యంగా సేల్స్, మేనేజర్ పనుల్లో అక్కరకొచ్చింది. మీ 'ఐ' గురించి ఇంత టెన్షన్ పడుతున్నారు గానీ, ఒప్పుకున్న పనిని గడువులోగా పూర్తిచేస్తారా లేదా అని ఎవరైనా అడిగారా?

ఇలాంటి ఏ టెస్టులోనైనా మీకు మీరే మార్కులు వేసుకుంటారు. ఆ మాట మర్చిపోతాం. నా దగ్గరకు వచ్చినవాళ్లతో ఒక పని చేయిస్తుంటాను: ప్రతి మార్కూ ఏ సందర్భం గుర్తొచ్చి వేశారో చెప్పమంటాను. ఒక అబ్బాయి 'కొత్తవాళ్ల మధ్య మౌనంగా ఉంటాను' అన్న వాక్యం ఎదురుగా 5, అంటే 'పూర్తిగా నిజం' అని వేసి తెచ్చాడు. ఎవరు గుర్తొచ్చి వేశావని అడిగాను. 'నాన్న ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చినప్పుడు సార్' అన్నాడు. మరి గ్రౌండ్‌కి కొత్త టీమ్ వస్తే? 'అక్కడ అరిచేదంతా నేనే.' కాసేపు కాగితం కేసి చూసి, 5 కొట్టేసి 2 వేశాడు. మళ్లీ 3 చేశాడు. నా దృష్టిలో ఆ టెస్టులో పనికొచ్చిన భాగం ఆ కొట్టివేతలే.

ఇక నాన్నగారు. ఆయన మాటను ఊరికే తోసిపుచ్చకండి. మన భయాలు, ఆందోళనలు మనకే బాగా తెలుస్తాయనీ, తెలివితేటలు, సృజన లాంటివాటిని మాత్రం పక్కవాళ్లే మెరుగ్గా అంచనా వేస్తారనీ సిమీన్ వజీర్ అనే సైకాలజిస్ట్ 2010లో చూపించారు. మనకు మంచి అనిపించుకోవాలని ఉన్నచోట మన చూపు మసకబారుతుందన్నమాట. కాకపోతే నాన్నగారు మిమ్మల్ని చూసేది ఇంట్లో, బంధువుల మధ్య. క్లాసులో సెమినార్ ఇచ్చేటప్పుడు చూడలేదు. కాబట్టి బిగ్ ఫైవ్ ప్రశ్నల కాగితం ఒకటి మీరు నింపి, అదే కాగితాన్ని మూడు కాపీలు తీసి, మీ గురించి నాన్నగారినీ ఒక స్నేహితురాలినీ మీకు పాఠం చెప్పేవారినొకరినీ విడివిడిగా నింపమనండి. మీ జవాబులతో తేడా ఎక్కువగా ఉన్న మూడు నాలుగు వాక్యాలే చూడండి. 'ఎందుకలా వేశారు?' అంటే వాదన మొదలవుతుంది. 'ఏ సందర్భం గుర్తొచ్చింది?' అని అడగండి. మీరూ నాన్నగారి గురించి ఒక కాగితం నింపితే ఇంకా మంచిది. ఎదుటివారికి 'ఎక్స్‌ట్రావర్ట్', 'ఎమోషనల్ టైప్' అని చీటీ అతికించేస్తే ఇక వాళ్లు చెప్పేది మన చెవికెక్కదు. ఇంటిల్లిపాదీ టెస్ట్ రాసి ఒకరినొకరు అక్షరాలతో తిట్టుకునే కుటుంబాలను చూశాను కాబట్టి చెబుతున్నా.

లా విషయానికొస్తే, ఇంట్రావర్ట్ అంటే మాట రానివారు కాదు. మౌనం ఇష్టం కావడం వేరు, మాట్లాడాలంటే భయం వేరు. భయమైతే సాధనతో తగ్గుతుంది. పైగా న్యాయవాది పనిలో కోర్టులో నిలబడి వాదించే సమయం కొంతే. మిగతాదంతా ఫైళ్లు చదవడం, డ్రాఫ్టింగ్, కక్షిదారు చెప్పింది ఓపికగా వినడం. ఒకరోజు కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని రండి. ఎంతమంది నిజంగా గట్టిగా మాట్లాడుతున్నారో లెక్కపెట్టండి. ఆ పని మీకు నచ్చుతుందా అన్నది పర్సనాలిటీ టెస్ట్ అడగదు. అది ఆసక్తికి సంబంధించిన విషయం, దానికి జాన్ హాలండ్ అనే సైకాలజిస్ట్ ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసిన పద్ధతి మీద తయారైన పరీక్షలు వేరే ఉన్నాయి. అవసరమనిపిస్తే ఆ తర్వాత రాయొచ్చు.

డిబేట్‌కు గడువు ఇంకా దాటకపోతే ముందు పేరు ఇచ్చి రండి. ఓడిపోయినా ఫర్వాలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడాక ఎలా అనిపించిందో ఆ రాత్రే ఒక పేజీ రాసుకోండి. ఈసారి నాకు ఉత్తరం రాస్తే నాలుగక్షరాలకు బదులు ఆ పేజీ పంపండి.