మార్కులున్నాయి, ప్రోగ్రామ్ రాదు... ప్రాజెక్టు కొనాలా?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర పల్లె మాది. నల్గొండలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సి, పైథాన్‌లో మంచి మార్కులే వచ్చాయి, కానీ సొంతంగా రాయమంటే చెయ్యాడదు. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కోమని సీనియర్లు అంటున్నారు. లాప్‌టాప్ లేదు. నాన్నకు ఊళ్లో కిరాణా షాపు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కొనొద్దమ్మా. మార్కులు పోతాయని కాదు, బహుశా పోవు కూడా. ఇంటర్వ్యూలో "ఈ టేబుల్‌లో ఈ కాలమ్ ఎందుకు పెట్టావు?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

మీ ఇంట్లోనే ఒక ప్రాజెక్టు ఉంది: నాన్నగారి ఉద్దెర పుస్తకం. ఎవరు ఎంతకు తీసుకున్నారు, ఎంత కట్టారు, ఇంకా బాకీ ఎంత, అంతే. పేరు, మొత్తం అడిగి ఫైల్లో రాసుకునే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టు. చూడ్డానికి బాగుండక్కర్లేదు.

దాన్ని నాన్నకు చూపించాక ఉంటుంది అసలు పని. వెంకన్న అని కొట్టగానే ఊళ్లోని వెంకన్నలందరి బాకీలూ కలిసిపోతాయి. పుస్తకంలోనైతే నాన్న "బోరుకాడి వెంకన్న", "మిల్లు వెంకన్న" అని రాసుకుంటారు. నువ్వు మనిషికో నంబర్ ఇవ్వాల్సి వస్తుంది. డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) పరీక్షలో రెండు మార్కులకు బట్టీపట్టిన ప్రైమరీ కీ ఇదే. తర్వాత లెక్కలు. పైథాన్‌లో 0.1 + 0.2 కొట్టి చూడు, 0.30000000000000004 అని వస్తుంది. దశాంశాలను కంప్యూటర్ బైనరీలో దాచుకుంటుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు. అందుకే బాకీలన్నీ పైసల్లో, పూర్ణసంఖ్యలుగా పెట్టుకో, చూపించేటప్పుడే రూపాయల్లోకి మార్చు. యాసంగి వడ్ల పైసలు పడ్డాక ఒకాయన సగమే కడతాడు, అదెక్కడ ఎక్కించాలి? తప్పుగా ఎక్కిన పద్దును చెరిపేయాలా, ఎదురు పద్దు రాయాలా? ఇవి నాన్ననే అడుగు. లెక్చరర్ కన్నా ఆయనకే బాగా తెలుసు.

ఫైల్‌తో ఇబ్బందవుతోంది అనిపించినప్పుడు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు మారు. పైథాన్‌తో పాటే వస్తుంది, వేరే సర్వర్ అక్కర్లేదు. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన పద్దు మిగలకుండా ట్రాన్సాక్షన్ (రాస్తే మొత్తం రాయడం, లేదంటే అసలేమీ రాయకపోవడం) ఎలా కాపాడుతుందో అక్కడ కళ్లారా చూస్తావు.

లాప్‌టాప్ కోసం ఇప్పుడే అప్పు చేయించకు. కాలేజీ ల్యాబ్ ఉంది, ఇంటి దగ్గర ఫోన్‌లో పైథాన్ నడిపే పైడ్రాయిడ్ లాంటి యాప్ సరిపోతుంది. చిన్న స్క్రీన్ మీద టైపింగ్ విసుగే, కాదనను.

చాట్‌జీపీటీని మొత్తం రాసిపెట్టమని అడగకు. ఎర్రర్ వస్తే ముందు కింది చివరి లైన్ చదువు, ఏ తప్పో అక్కడే ఉంటుంది. దాని పైన లైన్ నంబర్ కనబడుతుంది. అప్పటికీ అర్థం కాకపోతే అడుగు.

ప్రోగ్రామ్ మార్చిన ప్రతిసారీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనం) కమిట్ చేసి, అంటే ఆ మార్పును నమోదు చేసి, గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టు. రేపు ఉద్యోగమిచ్చేవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. అసలు పేర్లు, బాకీలు మాత్రం పొరపాటున కూడా ఎక్కించకు. ఊళ్లోవాళ్ల అప్పులు బయటపెట్టే హక్కు మనకు లేదు. ఉత్తుత్తి పేర్లతో నమూనా డేటా తయారుచేసుకో.

నాన్న పుస్తకం అప్పుడే ఆపించకు. కొన్నాళ్లు రెండూ నడవనీ. రోజూ షాపు మూశాక మొత్తాలు సరిచూడు. తేడా వస్తే ఏ పద్దు దగ్గర వచ్చిందో దొరికేదాకా కొత్త ఫీచర్ జోలికి పోకు.