జ్వరం అనకు, మొన్న అదే చెప్పావు

"నేను పదేళ్లుగా ఆదుకుంటున్న మిత్రుడికి ఇక నావల్ల కాదని చెబితే నేను స్వార్థపరుణ్ణి అవుతానా?" అని మీరు అడిగారు. అవరు. ఇంత తొందరగా తేల్చేయడం కొందరికి నచ్చకపోవచ్చు గానీ, ఇదే ప్రశ్నతో నేను నాలుగేళ్లు గడిపాను కనుక మళ్లీ తడుముకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

నాతో ఒకే గదిలో ఉంటూ, అదే కార్యాలయంలో వేరే విభాగంలో పనిచేసిన మిత్రుడు ఒకడు ఉండేవాడు. నాకంటే చురుకైనవాడు, చేరిన కొత్తలో నాకు పని నేర్పినవాడు. ఆ తర్వాత తాగుడుకు బానిసయ్యాడు. అతడు లేవలేని ఉదయాల్లో అతడి పై అధికారికి ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పడం నా వంతుగా మారింది. మొదటిసారి నా గొంతు వణికింది. ఏడెనిమిది సార్లయ్యాక, రాత్రంతా నిద్రపోలేదనీ, మాత్ర వేసుకుని ఇప్పుడే నిద్రలోకి జారుకున్నాడనీ అడగని వివరాలు కూడా చేర్చి చెప్పగలిగే స్థాయికి ఎదిగాను.

ఒక సోమవారం నేను ఫోన్ చేతిలోకి తీసుకోగానే, గోడవైపు తిరిగి పడుకున్న అతడు కళ్లు కూడా తెరవకుండా, "జ్వరం అనకురా, మొన్న జ్వరమే చెప్పావు. ఈసారి కడుపునొప్పి అను" అని, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. నేను మరిచిపోయిన జ్వరం అతడికి గుర్తుంది. ఆ మాటలో సిగ్గు గానీ కృతజ్ఞత గానీ లేవు. లెక్క తప్పకుండా చూసుకునే గుమాస్తా జాగ్రత్త మాత్రమే ఉంది. నేను అతడి ఉద్యోగాన్ని కాపాడుతున్నానని అనుకుంటున్నాను గానీ, నిజానికి కాపాడుతున్నది అతడి సోమవారం నిద్రనే అని అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అయినా ఆ రోజు కడుపునొప్పి అనే చెప్పాను. మానుకున్నది మరుసటి వారం. "ఫోన్ నీ పక్కనే ఉంది, నువ్వే చెప్పుకో" అన్నందుకు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు.

అంతవరకు అతడి కోసం ఒక్క ఉదయమైనా వెచ్చించని వారందరూ అప్పుడు నాకు స్నేహధర్మం బోధించడానికి వచ్చారు. బరువు మోయనివారికే మోసేవారి ఓపిక మీద నిశ్చితమైన అభిప్రాయాలు ఉంటాయన్నది నేను చాలాచోట్ల గమనించిన విషయం. అలాగని, ఇబ్బంది పెట్టే వారందరినీ జీవితంలోంచి తుడిచేయమని సలహా ఇచ్చే ఇప్పటి ధోరణి కూడా నాకు గిట్టదు. అందుకు కారణం ఆ తర్వాత జరిగినదే.

ఉద్యోగం పోయేలా ఉందని తెలిశాక అతడు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా తాగడం ఆపేశాడు. రెండో రోజు రాత్రికి చేతులు వణకడం, గోడ మీద లేని పురుగులను చూపించడం మొదలయ్యాయి. మద్యానికి తీవ్రంగా అలవాటుపడిన శరీరానికి అది హఠాత్తుగా ఆగిపోతే తొలి 48 గంటల్లో మూర్ఛలు, ఆ తర్వాత మతిభ్రమ రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆ రాత్రి నేను అతడి బాధ్యత అతడిదే అని కూర్చోలేదు, ఆసుపత్రిలో చేర్చాను. ప్రాణాపాయంలో తోడు ఉండడం నా విధి, అతడు చేసినదాని ఫలితాన్ని అతడికి తగలకుండా అడ్డుకోవడం నా విధి కాదు. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లనే నా నాలుగేళ్లు పోయాయి.

పీటర్ సింగర్ అనే తత్వవేత్త 1972లో ప్రచురించిన ఒక వ్యాసంలో, లోతు లేని చెరువులో మునిగిపోతున్న బిడ్డను బట్టలు తడిసినా సరే కాపాడవలసిందే అని వాదించాడు. దానితో నాకు పేచీ లేదు. అయితే ఈదగలిగిన పెద్దవాడు ప్రతి సోమవారం అదే చెరువులోకి దిగుతుంటే ఏం చేయాలన్న ప్రశ్నను ఆ ఉదాహరణ తాకదు. జర్మనీ శిక్షాస్మృతిలోని 323సి సెక్షను, ప్రమాదంలో ఉన్నవారికి సాయపడని వారికి ఏడాది వరకు జైలు లేదా జరిమానా విధిస్తుంది; కానీ ఆ సాయం వల్ల తనకు చెప్పుకోదగ్గ ప్రమాదం గానీ, తన ఇతర ముఖ్య బాధ్యతలకు భంగం గానీ కలగకూడదన్న మాట కూడా అందులోనే ఉంది. శిక్ష వేసే చట్టమే అంతటి హద్దు గీసినప్పుడు, స్నేహితులం మనం గీసుకోకూడదా?

తాగుబోతుల కుటుంబ సభ్యుల కోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్ కూటమిలో కొత్తగా వచ్చినవారికి మూడు మాటలు చెబుతారు: దీనికి కారణం మీరు కాదు, దీన్ని మీరు అదుపు చేయలేరు, దీన్ని మీరు నయం చేయలేరు. ఆసుపత్రి వరండాలో ఒక నర్సు ఈ మాటలు చెప్పినప్పుడు నాకు మొదట కలిగినది ఊరట కాదు, అవమానం. ఇన్నాళ్ల నా శ్రమకు విలువే లేదా అనిపించింది.

అతడి ఉద్యోగం పోయింది. మరో చోట చేరాడు, మధ్యలో ఒకసారి మళ్లీ జారాడు, ఆ వారం నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు తనే నాకు చేస్తాడు. మీరు పదేళ్లు ఆదుకున్నానన్నారు గానీ, అందులో ఏయే పనులు ఉన్నాయో రాయలేదు. అవి ఒక కాగితం మీద రాసి, ఏవి చేయకపోతే ఆయన ప్రాణానికి ముప్పో, ఏవి చేయకపోతే ఆయనకు నిద్ర మాత్రమే చెడుతుందో విడదీసి చూడండి.