పీసీ 192.168 అడ్రస్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేసే అడ్రస్), రౌటర్ వెనక ఉంది కదా, ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటిస్తూ పీసీలో దూరే దొంగ ప్రోగ్రామ్) పెట్టినవాడు బయటి నుంచి దాన్ని ఎలా కంట్రోల్ చేస్తాడు?

వాడు మీ దగ్గరికి రాడండి, మీ పీసీయే వాడి దగ్గరికి వెళ్తుంది. మొత్తం కిటుకు ఇదే.

లోపలి నుంచి ఏ మెషీన్ అయినా బయటికి కనెక్షన్ మొదలుపెడితే నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే రౌటర్‌లోని ఏర్పాటు) ఆ వివరం తన టేబుల్‌లో రాసుకుంటుంది, జవాబు రాగానే టేబుల్ చూసి ఆ మెషీన్‌కే అందిస్తుంది. ఎవరూ అడక్కుండా బయటి నుంచి ప్యాకెట్ వస్తే ఎవరికివ్వాలో తెలియదు కాబట్టి పడేస్తుంది. వెళ్లేది బ్రౌజరా, ట్రోజనా అని మాత్రం చూడదు, అది దాని పనీ కాదు. 1990లలో ఐపీవీ4 అడ్రస్‌లు అయిపోతాయన్న భయంతో, ఒక పబ్లిక్ అడ్రస్‌ని నలుగురూ పంచుకోవడానికి తెచ్చిన ఏర్పాటు అది.

మీ అనుమానం పాత ట్రోజన్ల విషయంలో కరెక్టే. 1998లో వచ్చిన బ్యాక్ ఆరిఫిస్, నెట్‌బస్ లాంటివి మీ పీసీలో ఒక పోర్ట్, అంటే కనెక్షన్లు వచ్చే నంబరున్న తలుపు, తెరిచి (నెట్‌బస్‌కి 12345) ఎవరొస్తారా అని కూర్చునేవి. డయల్ అప్‌లో పీసీకి నేరుగా పబ్లిక్ ఐపీ ఉండేది కాబట్టి అవి పనిచేశాయి. ఇళ్లకి రౌటర్లు వచ్చాక ఆ పద్ధతి దెబ్బతింది, దాంతో దిశ తిప్పేశారు. పాయిజన్ ఐవీ, ఎన్‌జేర్యాట్ లాంటివి పీసీ ఆన్ అవగానే తామే బయటికి కనెక్ట్ అయి ఆర్డర్ల కోసం చూస్తాయి. చాలా ట్రోజన్లు 443 పోర్టే వాడతాయి, మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిసిపోతుందని. వాటిని నడిపేవాళ్లు తమ ఐపీ మారినా ఇబ్బంది లేకుండా డైనమిక్ డీఎన్ఎస్ పేర్లు (ఐపీ మారినా అదే మెషీన్‌కి దారి చూపే పేర్లు) పెట్టుకుంటారు. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టు ఆర్డర్‌తో నో-ఐపీ అనే డైనమిక్ డీఎన్ఎస్ కంపెనీ డొమైన్లు కొన్నిటిని స్వాధీనం చేసుకున్నది ఇలాంటివాటి కోసమే, ఆ గొడవలో ఏ పాపం తెలియని వాళ్ల సైట్లు కూడా ఆగిపోయాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక రౌటర్ ఎంత!

గుంటూరులో మా బావ ఆడిటర్. రిటర్నుల సీజన్‌లో ఆయన ఆఫీసు పీసీలో మౌస్ దానంతటదే కదులుతోందని ఫోన్ చేస్తే వెళ్లాను. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి మెషీన్‌కి పంపే సెట్టింగ్) ఖాళీ, యూపీఎన్‌పీ (లోపలి ప్రోగ్రాములే రౌటర్‌లో పోర్ట్ తెరిపించుకునే సౌకర్యం) ఆఫ్. పైగా రౌటర్‌కి వచ్చిన అడ్రసే 100.72తో మొదలవుతోంది, అది ప్రొవైడర్లు తమ లోపల వాడుకునే అడ్రస్, అంటే ప్రొవైడర్ వైపు ఇంకో నాట్. రెండు నాట్‌ల వెనక కూడా ట్రోజన్ హాయిగా ఉంది. కనెక్షన్లు చూపించే నెట్‌స్టాట్ కమాండ్‌ని ఏఎన్ఓ (-ano) ఆప్షన్లతో అడ్మిన్‌గా నడిపితే తెలియని ఒక ఐపీకి కనెక్షన్ కనపడింది, దాని పీఐడీని (నడుస్తున్న ప్రోగ్రామ్ నంబర్‌ని) టాస్క్ మేనేజర్‌లో వెతికితే ఎస్‌వీసీహోస్ట్ అని విండోస్ సొంత ప్రోగ్రామ్ పేరే, కానీ ఉన్నది యాప్‌డేటా ఫోల్డర్‌లో. అసలుది సిస్టమ్32లో ఉంటుంది. స్టాఫ్‌లో ఒకరు పీడీఎఫ్ ఎడిటర్ క్రాక్ వేసిన రోజు తారీఖే ఆ ఫైల్‌కీ ఉంది. “యాంటీవైరస్ ఏమీ చూపించలేదురా” అని బావ వాదన. చూపించదు, క్రాక్ వేసేటప్పుడు దాన్ని ఆఫ్ చేయమనే అందులో రాసుంటుంది కదా!

ముందు ల్యాన్ కేబుల్ పీకేసి, వేరే మెషీన్ నుంచి బ్యాంకు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్‌లు మార్పించి, డేటా ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేశాం. ఆ ఒక్క ఫైల్ తీసేస్తే చాలదా అని అడుగుతారేమో, ఇంకేం దింపి పెట్టాడో ఎవరు చూడొచ్చారు?

యూపీఎన్‌పీ సంగతి వేరే. అది ఆన్‌లో ఉంటే లోపలి ప్రోగ్రామ్ ఎవరినీ అడక్కుండా రౌటర్‌లో పోర్ట్ తెరిపించుకోగలదు, 2008 నాటి కాన్‌ఫికర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే దొంగ ప్రోగ్రామ్) ఆ పనే చేసింది. గేమింగ్‌కి అవసరం లేకపోతే ఆపేయండి. రోజువారీ పనికి అడ్మిన్ అకౌంట్ వాడకండి. ఆఫీసయితే బయటికి వెళ్లే ట్రాఫిక్ మీద కూడా రూల్స్ పెట్టి, డీఎన్ఎస్ లాగ్ (ఏ మెషీన్ ఏ సైట్ల పేర్లు అడిగిందో రాసుండేది) అప్పుడప్పుడు చూడండి. ఇప్పుడు చాలా కనెక్షన్లలో ఐపీవీ6 వస్తోంది, అందులో మామూలుగా నాట్ ఉండదు, కాబట్టి రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.