మొదటి డ్రాయింగు తిరిగొచ్చాక: ప్రధాన కార్యాలయం కట్టబోయే మేనకోడలికి

చిరంజీవి సౌమ్యకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నెలల తరబడి కూర్చుని గీసిన డిజైన్‌ను బిల్డింగ్ కమిటీ వెనక్కి పంపిందనీ, పైగా స్థలం కూడా మారేట్టుందనీ, ఆ టెన్షన్‌లో ఈ పని వదిలేద్దామా అనిపిస్తోందనీ రాశావు. వదలకమ్మా. కొత్త షీటు బల్ల మీద పరిచే ముందు పారిస్‌లో యునెస్కో ప్రధాన కార్యాలయం ఎలా తయారైందో ఒకసారి నిదానంగా చదువు. సర్వీసంతా స్ట్రక్చర్ లెక్కలతోనే గడిపినవాణ్ణి. నేను మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్న ప్లాన్లు ఏవని అడిగితే ముందు ఆ భవనం పేరే చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యునెస్కో క్లెబర్ అవెన్యూలో మెజెస్టిక్ అనే పాత హోటల్లో సర్దుకుంది. హోటల్ గదులే ఆఫీసులు. సొంత భవనం కట్టుకోవాలనుకున్నప్పుడు ముందుగా యూజెన్ బొదువాఁ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్టు డిజైన్ ఇచ్చాడు. దాన్ని చూడటానికి ఐదుగురితో ఒక కమిటీ వేశారు. ఆ ఐదుగురూ ఎవరనుకున్నావు? అందరూ పేరుమోసిన ఆర్కిటెక్టులే: లె కార్బూజియే, వాల్టర్ గ్రోపియస్, బ్రెజిల్ నుంచి లూసియో కోస్టా, స్వీడన్ నుంచి స్వెన్ మార్కెలియస్, ఇటలీ నుంచి ఎర్నెస్టో రోజర్స్. అమెరికా ఆర్కిటెక్టు ఈరో సారినెన్ సలహా కూడా తీసుకున్నారు. బొదువాఁ డిజైన్ పక్కకు పోయింది. పని ముగ్గురి చేతికి వచ్చింది: హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మార్సెల్ బ్రాయర్, ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ జెర్‌ఫ్యూస్, ఇటలీ ఇంజనీరు పియెర్ లుయిజీ నెర్వి. వీళ్ళు పోర్ట్ మాయో దగ్గరి స్థలానికి ఒక ఎత్తైన భవనం గీశారు. ఆ చోట అంత ఎత్తు లేస్తే ఊరి రూపు చెడిపోతుందని అభ్యంతరం వచ్చింది. అదీ పోయింది. చివరికి ప్లాస్ ద ఫొంతెన్వా దగ్గర, ఎకోల్ మిలిటేర్ అనే సైనిక పాఠశాల వెనక, స్థలం ఖాయమైంది. ఆ స్థలాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం దీర్ఘకాలిక లీజుకు ఇచ్చి, కట్టడానికి వడ్డీ లేని అప్పు కూడా ఇచ్చింది.

ఈ తర్జనభర్జనలు నడుస్తున్న 1952లో యునెస్కో సర్వసభ్య సమావేశానికి అధ్యక్షత వహించింది ఎవరో తెలుసా? మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఇది నీ పనికి సంబంధించిన సంగతి కాదు గానీ, తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. ఫొంతెన్వా స్థలంలో చేతులు కట్టేసే నిబంధనలు చాలా ఉన్నాయి. ఎదురుగా ఉన్నది పద్దెనిమిదో శతాబ్దంలో గాబ్రియెల్ కట్టిన సైనిక పాఠశాల. ముందున్న చౌరస్తా అర్ధచంద్రాకారంలో ఉంటుంది. దాని వంపు చెడగొట్టకూడదు, చుట్టుపక్కల భవనాల ఎత్తు దాటకూడదు. టవర్ అనే ఆలోచనకు అక్కడే నీళ్ళు వదులుకోవాలి. అప్పుడు ఆ ముగ్గురూ సెక్రటేరియట్‌ను, అంటే సిబ్బంది ఆఫీసులుండే భవనాన్ని, మూడు చేతులున్న ‘వై’ ఆకారంలో గీశారు. రెండు చేతుల మధ్య లోపలికి వంగిన ముఖాన్ని చౌరస్తా వైపు తిప్పారు. దాంతో సగంలో ఆగిపోయినట్టున్న ఆ పాత అర్ధచంద్రం కొత్త భవనంతో పూర్తయింది. మొత్తం ఏడు అంతస్తులే. వెడల్పు తక్కువ కాబట్టి లోపల ఏ గదిలో కూర్చున్నా కిటికీ పక్కనే ఉన్నట్టుంటుంది. ఈ రోజు ఆ భవనాన్ని పైనుంచి తీసిన ఫొటోలో ఎవరైనా చూడగానే గుర్తుపడతారంటే ఆ ఆకారం వల్లే. అడిగినంత ఎత్తు ఇచ్చి ఉంటే అది పుట్టేదే కాదు.

అందుకని నువ్వు ముందు చేయాల్సింది, కమిటీ పంపిన అభ్యంతరాల కాగితాన్ని రెండుగా విడగొట్టడం. స్థలానికి సంబంధించినవి ఒక వైపు: రోడ్డు, ఎత్తు, పక్క భవనాలు, నీళ్ళు పోయే వాలు, ఉన్న చెట్లు. అభిరుచికి సంబంధించినవి ఇంకో వైపు: ముఖద్వారం హుందాగా లేదు, రంగు బాగాలేదు, ఒక డోమ్ ఉంటే బాగుండేది లాంటివి. రెండో జాబితాను ప్రస్తుతానికి సొరుగులో పెట్టు. భవనం లేచేసరికి వాటిలో సగం ఎవరికీ గుర్తుండవు. మొదటి జాబితాను మాత్రం డ్రాయింగు బల్ల ఎదుట అంటించుకుని, ఒక్కోదానికీ ప్లాన్‌లో జవాబు చూపించు. మాటలతో చెప్పిన జవాబు లెక్కలోకి రాదు.

రెండోది నేను గట్టిగా చెప్పదలచుకున్నది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను ఎలివేషన్, అంటే భవనం ముఖం బొమ్మ, అయ్యాక పిలవకు. మన దగ్గర ఆర్కిటెక్టు బొమ్మ మొత్తం గీసేశాక “ఇదిగో, పిల్లర్లు ఎక్కడొస్తాయో చూడండి” అని మా చేతికిస్తారు. అప్పటికి మేము చేయగలిగింది బీములు లావు చేయడమూ, స్టీలు పెంచడమూ మాత్రమే. యునెస్కోలో నెర్వి పేరు మిగతా ఇద్దరి పక్కన సమానంగా ఉంది. సభాభవనం చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఒక పని చెయ్యి. తెల్ల కాగితం తీసుకుని రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టు. వంగి జారిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా సన్నటి మడతలు పెట్టి మళ్ళీ పెట్టు, పైన పెన్సిల్ పెట్టినా నిలబడుతుంది. నెర్వి ఆ సభాభవనం పైకప్పునూ, రెండు చివరి గోడలనూ కాంక్రీటుతో అలా మడతలుగా పోయించాడు. కప్పు రెండు వైపులా ఎత్తుగా ఉండి, మధ్యలోకి దిగి, అక్కడ ఒక వరస స్తంభాల మీద ఆనుతుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. అసలు తెలివి మడతల మధ్య ఉన్న స్లాబులో ఉంది. స్పాన్ మధ్యలో, అంటే రెండు ఆధారాల నడుమ, కంప్రెషన్ (కాంక్రీటును నొక్కే ఒత్తిడి) పైభాగాన వస్తుంది, ఆధారం దగ్గరికి వచ్చేసరికి అది కిందికి మారుతుంది. మనం ఈ సంగతి బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లో, అంటే వంచే బలం ఎక్కడెంతో చూపే బొమ్మలో, గీసి, స్టీలు అటూ ఇటూ మార్చి ఊరుకుంటాం. నెర్వి స్లాబునే కదిలించాడు. కంప్రెషన్ పైనున్న చోట స్లాబు మడతల పైఅంచున ఉంటుంది, కిందికి మారే చోట అదీ అలలా కిందికి దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్ళకు కప్పు మెల్లగా ఊగుతూ దిగినట్టు కనిపిస్తుంది. అలంకారం అనుకుంటారు. అది కాంక్రీటులో పోసిన మూమెంట్ డయాగ్రమే. ఇంజనీరు మొదటి రోజు నుంచీ గదిలో ఉంటే తప్ప ఇలాంటిది రాదమ్మా.

సెక్రటేరియట్ కింద 72 కాంక్రీటు స్తంభాలు ఉన్నాయి. కింద గుండ్రంగా మొదలై, పైకి వెళ్ళేకొద్దీ చదునైన ఆకారంలోకి మారుతూ వెళ్తాయి. ప్లాస్టరింగ్ లేదు, పెయింట్ లేదు, చెక్కల అచ్చు పైకే కనిపిస్తుంది. నీ డిజైన్‌లో కూడా కాంక్రీటును అలాగే వదిలేస్తానని రాశావు. మంచిదే, కానీ ఒక షరతు. సెంట్రింగ్ దగ్గర, అంటే కాంక్రీటు పోసే చెక్క అచ్చుల దగ్గర, నువ్వు స్వయంగా నిలబడగలిగితేనే ఆ మాట అను. ప్లాస్టర్ వేసే పిల్లరైతే చిన్నాచితకా లోపాలు దాని కింద దాక్కుంటాయి. వేయనిదైతే జీవితాంతం కనిపిస్తాయి. చెక్కల సందులోంచి సిమెంట్ పాలు కారితే అక్కడ ఇసుక తేలుతుంది, వైబ్రేటర్ సరిగ్గా దిగకపోతే తేనెపట్టులా గుల్ల పడుతుంది. షట్టరింగ్ ఆయిల్ ఒక చోట ఎక్కువైతే మరక పడుతుంది. అసలు పని మొదలుపెట్టే ముందే సైట్‌లో ఒక మూల నిలువెత్తు నమూనా పిల్లర్ పోయించు. అదే మేస్త్రి, అదే చెక్క, అదే కంకర ఉండాలి. బాగా రాలేదనుకో, పగలగొట్టించి మళ్ళీ పోయించు. బాగా వచ్చిందాన్ని అక్కడే ఉంచి, చివరి పిల్లర్ వరకు దానితో పోల్చి చూడమను. కాంట్రాక్టర్ గొణుగుతాడు. గొణగనీ.

ఎండ సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పారిస్ లాంటి చల్లటి ఊళ్ళో కూడా బ్రాయర్ ఎండను ఆపడానికి కిటికీల బయట అడ్డు పలకలు, రంగు అద్దాల తెరలు పెట్టించాడు. మన దగ్గర నాలుగు వైపులా అద్దం బిగించి లోపల ఏసీ నడిపే పద్ధతికి నువ్వు ఒప్పుకోవద్దు.

కళాకారుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు. మన భవనాల్లో అన్నీ అయ్యాక, బడ్జెట్‌లో మిగిలిన దానితో లాబీలో ఒక విగ్రహం తెచ్చి పెడతారు. యునెస్కో వాళ్ళు భవనం లేస్తుండగానే కళాకారులకు చోట్లు చూపించారు. ఇంగ్లాండు శిల్పి హెన్రీ మూర్ మొదట కంచు బొమ్మ చేద్దామనుకున్నాడు. అన్ని కిటికీల ముందు నల్లటి కంచు కలిసిపోయి కనపడదని గ్రహించి, భవనంలోనే వాడిన ట్రావర్టైన్ రాయికి మారాడు. ఐదు మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ పడుకున్న రూపం ఇప్పుడు ఆ గోడ ముందు తెల్లగా నిలిచి ఉంది. జపాన్ తోట కోసం శిల్పి ఇసాము నొగుచి జపాన్ నుంచి దాదాపు 80 టన్నుల రాళ్ళు తెప్పించాడు. పికాసో గోడచిత్రం 40 పలకల మీద వేసింది. గోడ ఆకారం ఎలా ఉందో బొమ్మ అంచులూ అలాగే వాలుతాయి.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది స్పెయిన్ చిత్రకారుడు జోన్ మిరో కథ. రెండు పింగాణీ గోడలు, ఒకటి సూర్యుడికి, ఒకటి చంద్రుడికి. కుమ్మరి పనిలో దిట్ట అయిన ఆర్టిగాస్‌తో కలిసి స్పెయిన్‌లో చతురస్రపు పలకలు చేసి కాల్చారు. చూసుకుంటే మరీ లెక్క ప్రకారం, జీవం లేకుండా ఉన్నాయి. సాంటిలానా అనే ఊళ్ళో పాత చర్చి గోడ, తేమకు అరిగి వంకరటింకరగా ఉన్న రాళ్ళు చూశాక మొత్తం పక్కన పడేసి, ఎగుడుదిగుడు పలకలతో మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటికే 4,000 కిలోల మట్టి, 250 కిలోల మెరుపు రంగు, 10 టన్నుల కట్టెలు ఖర్చయిపోయాయి. రెండోసారి చేసినవే గోడకెక్కాయి. ఆ పనికే మిరోకు గుగెన్‌హైమ్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. నీది ఇప్పటివరకు కాగితమే పోయింది, సౌమ్యా.

కాబట్టి నీ లాబీ గోడకు ఎవరు పని చేస్తారో ఇప్పుడే తేల్చుకో. ఏటికొప్పాక లక్క పనివాళ్ళో, పెంబర్తి ఇత్తడి పనివాళ్ళో, నిర్మల్ చిత్రకారులో, ఎవరైనా సరే, వాళ్ళకు గోడ కొలతలు, వెలుతురు వచ్చే దిక్కు, సందర్శకుడు నిలబడే దూరం ముందే చెప్పు. ఆరుబయట పెట్టేదైతే వాన, ఎండ సంగతి వాళ్ళతోనే మాట్లాడు. మిరో గోడలు ఆరుబయటే కట్టారు, తర్వాత వాటిని కాపాడటానికి కప్పు కిందికి చేర్చాల్సి వచ్చింది.

పెరిగే చోటు వదులు. భవనం తెరిచిన రెండేళ్ళకే, 1960లో, స్వాతంత్ర్యం వచ్చిన ఆఫ్రికా దేశాలు వరసగా యునెస్కోలో చేరాయి. గదులు చాలలేదు. పైకి కడదామంటే ఎత్తు నిబంధన, పక్కకు కడదామంటే తోట పోతుంది. జెర్‌ఫ్యూస్ భూమిలోకి దిగాడు. ఆరు లోతైన ముంగిళ్ళు తవ్వి, వాటి చుట్టూ ఆఫీసులు పెట్టాడు. కింద కూర్చున్నా ఆకాశం, మొక్కలు కనిపిస్తాయి. నీ సంస్థ పదేళ్ళలో రెట్టింపు అయితే ఎక్కడ కడతారని ఇప్పుడే అడిగి, ఆ చోటికి పునాదులో, డ్రైనేజీ లైన్లో, కనీసం ఖాళీ నేలో సిద్ధం చేసి పెట్టు.

ఇక ప్రారంభోత్సవం. 1955లో మొదలైన ఆ పని 1958 నవంబర్ 3న ఫ్రాన్స్ అధ్యక్షుడు రెనె కోటీ సమక్షంలో ప్రారంభోత్సవానికి వచ్చింది. వెంటనే అక్కడే పదో సర్వసభ్య సమావేశం మొదలైంది. అంతకు ముందుది, తొమ్మిదోది, 1956లో మన ఢిల్లీలో జరిగింది. రిబ్బన్ కత్తిరించి తాళం వేసి వెళ్ళిపోయే వేడుక కాదది. మర్నాటికల్లా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని పని చేయాలి.

నా సర్వీసులో ఒక జిల్లా కేంద్రంలో ముహూర్తం ముందు పెట్టుకుని కట్టిన ఆఫీసు ఒకటుంది. మంత్రిగారి తేదీ ఖాయమైందని తడి ఆరని ప్లాస్టర్ మీద పెయింట్ వేయించారు. వర్షాకాలం దాటకముందే గోడలు పొక్కులు లేచి పెచ్చులూడాయి. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఆఫీసుకు వచ్చిన రైతులు ఆ గోడల పక్కనే ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డారు. నాకు అది చాలా బాధ కలిగించింది.

నువ్వు తేదీని వాళ్ళ చేతికి వదిలేయకు. ప్లాస్టర్ ఎప్పుడయ్యింది, ఎంత ఆరింది, పెయింట్ ఎప్పుడు వేయొచ్చు అనేది రాతపూర్వకంగా ముందే ఇవ్వు. ప్రారంభోత్సవానికి కనీసం పది రోజుల ముందు సభాగృహం నిండా మనుషుల్ని కూర్చోబెట్టి చూడు. పని చేసిన కూలీలను, వాళ్ళ కుటుంబాలను పిలువు, వాళ్ళకు ఆ హక్కుంది. మైకు చివరి వరసకు వినిపిస్తోందా, ఒకేసారి అందరూ లేస్తే తలుపులు చాలతాయా, ఆడవాళ్ళ టాయిలెట్ దగ్గర క్యూ ఎంత పొడుగుంది, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటోంది, వీల్‌చైర్ స్టేజీ మీదికి ఎక్కుతుందా, ఇవన్నీ ఆ రోజే తేలాలి. శిలాఫలకం మీద పెద్దల పేర్ల కింద మేస్త్రి పేరు, సెంట్రింగ్ పెద్ద పేరు, రాడ్ బెండర్ పేరు చెక్కించమని కమిటీని అడుగు. ఒప్పుకోకపోతే స్టోర్ రూమ్ గోడ మీదైనా చెక్కించు.

కొత్త స్కీము మొదలుపెట్టాక ముందు సెక్షన్, అంటే భవనాన్ని నిలువుగా కోసి చూపే బొమ్మ, పంపు, ఎలివేషన్ తర్వాత చూస్తాను. స్తంభాల మధ్య గ్రిడ్ ఎంత అనుకుంటున్నావో, సభాగృహం స్పాన్ ఎంతో, సాయిల్ రిపోర్ట్‌లో బేరింగ్ కెపాసిటీ (నేల మోయగల బరువు) ఎంత వచ్చిందో కూడా రాయి. రెండు రోజుల్లో లెక్క చూసి పంపుతాను. అత్తయ్య ఆవకాయ జాడీ సర్దింది, వచ్చే ఆదివారం మీ తమ్ముడు వస్తున్నాడు కదా, అతనితో పంపిస్తున్నాం.

ఆశీస్సులతో,
మావయ్య